లిమిట్ అయిపోయింది అయ్యగారూ



ఈ నెల వేరొక విషయం వ్రాద్దామనుకుని కూర్చున్నాను. కాని నా బల్ల మీద మూడు ఉత్తరాలు ఉన్నాయి, మూడూ ఒకే సంగతి. ఒక సహోదరి ఇలా అడిగారు: “నెలకు దాదాపు ఆరు వందలు కడుతున్నాము. అన్‌లిమిటెడ్ అని చెప్పి తీగ లాగారు. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి టీవీలో చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇది మోసం కాదా అయ్యగారూ?” ఒక పెద్దాయన తన ఫోనులో రోజుకు ఒకటిన్నర జీబీ ఇస్తున్నారనీ, తాను పావు వంతు కూడా వాడననీ, మిగిలినది రాత్రి పన్నెండు దాటగానే ఎక్కడికి పోతుందో చెప్పమనీ వ్రాశారు. మూడవది ఒక యౌవనస్థునిది. వంద స్పీడు అని చెప్పి ఇచ్చారు, సినిమా దించుకుంటుంటే పన్నెండే చూపిస్తోంది, ఎవరి మీద కేసు పెట్టాలి అని అతని ప్రశ్న.

ఈ ముగ్గురికీ జవాబు చెప్పగలను. ఎందుకంటే 2024వ సంవత్సరంలో ఈ లిమిట్ గొడవ మా సంఘంలోనే వచ్చింది. అందులో తప్పు చేసినవాడిని నేనే. ఆ సంగతి దాచుకుని మీకు సలహాలు చెప్పడం బాగుండదు గనుక దానితోనే మొదలు పెడతాను.

మా ఊరు కాలువ గట్టు మీద ఉంది. సెల్ సిగ్నలు డాబా ఎక్కితే వస్తుంది, దిగితే పోతుంది. 2023 క్రిస్మస్‌కు ముందు సంఘ పెద్దలందరం కూడి మందిరానికి ఒక బ్రాడ్‌బ్యాండు కనెక్షను తీసుకున్నాము. ఆరాధన దూరంలో ఉన్నవాళ్ళకు చూపించడానికి అన్నది ఒక కారణం. అసలు కారణం పిల్లలు. సాయంత్రం ఆరు నుండి తొమ్మిది వరకు మందిరపు వరండాలో కూర్చుని చదువుకోవచ్చునని చెప్పాము. తొమ్మిది మంది రావడం మొదలు పెట్టారు. అందరూ మా సంఘం పిల్లలే కారు, పక్క వీధి ముస్లిం కుటుంబపు అమ్మాయి కూడా వచ్చేది. నెలకు 500 జీబీ, అది దాటితే వేగం తగ్గుతుంది అన్నది మేము తీసుకున్న ప్లాను. 500 జీబీ అంటే ఎంతో మాకెవరికీ తెలియదు. చాలా ఎక్కువ అని మాత్రం అనుకున్నాము.

మే నెల వరకు ఏ ఇబ్బందీ లేదు. జూన్‌లో పదహారో తారీఖుకే లిమిట్ అయిపోయింది. జూలైలోనూ అంతే. ఆ జూలై ఆఖరులో ఒక అమ్మాయికి కౌన్సెలింగులో కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడానికి చివరి రోజు వచ్చింది. వరండాలో కూర్చుంది, పేజీ తెరుచుకోలేదు. ఎనిమిదిన్నరకు వాళ్ళ నాన్న ఆమెను మోటారు సైకిలు మీద ఎక్కించుకుని వానలో మండల కేంద్రంలోని నెట్ సెంటరుకు పరుగెత్తాడు. షట్టరు దించబోతున్నవాణ్ణి బ్రతిమాలి లోపలికి వెళ్ళారట. గడువు ముగియడానికి కాసేపటి ముందు పని పూర్తయింది. మరునాడు ఆ తండ్రి నా ఎదుట నిలబడి ఒకే మాట అన్నాడు: “నా బిడ్డ సంవత్సరం పోయేది అయ్యగారూ.”

ఎవరు తినేశారు ఇంత లిమిట్ అన్న ప్రశ్న వచ్చింది. మా వరండా పిల్లల్లో ఒక పాలిటెక్నిక్ కుర్రవాడు ఉన్నాడు. తండ్రి లేడు, తల్లి మిరప కోతలకూ యార్డు పనికీ వెళ్ళి చదివిస్తోంది. అందరూ వెళ్ళిపోయాక కూడా చెవుల్లో తీగలు పెట్టుకుని ఒక్కడే కూర్చోవడం ఒక పెద్దాయన చూశారు. క్రికెట్టు చూశావా అంటే ఒకటి రెండు సార్లు చూశానని ఒప్పుకున్నాడు. అంతే, మాకు దొంగ దొరికాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, వాళ్ళమ్మ వింటుండగా, పదిమందిలో నేను అతణ్ణి మందలించాను. ఆగస్టు ఒకటిన పాస్‌వర్డు మార్చి నా దగ్గరే పెట్టుకున్నాను. వరండా ఖాళీ అయింది.

ఇక్కడ కథ ఆపి ఆ యౌవనస్థుని ఉత్తరానికి వస్తాను. అతని లెక్క తెలిస్తేనే మా లెక్క అర్థమవుతుంది.

బాబూ, నిన్నెవరూ మోసగించలేదు. కంపెనీవారు స్పీడును బిట్లలో చెబుతారు, నీ కంప్యూటరు బైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. వంద మెగాబిట్లను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర మెగాబైట్లు. అంటే నీకు రావలసినదంతా వస్తోంది, దేవుని స్తుతించు. స్పీడు బిట్లలోనూ లిమిట్ బైట్లలోనూ ఎందుకు చెబుతారు అంటే ఆ రంగంలో అది పాత అలవాటు. కాని వాడుకునేవాడికి తికమక పెట్టే అలవాటు. కిరోసిన్ లీటర్లలో అమ్మి, కార్డు మీద గ్యాలన్లలో వ్రాసినట్టు ఉంటుంది.

స్పీడు వేరు, లిమిట్ వేరు. కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది చెప్పనక్కరలేదు. తూము ఎంత వెడల్పు అన్నది స్పీడు. పంట కాలంలో మొత్తం ఎన్ని నీళ్ళు నీ పొలానికి అన్నది లిమిట్. తూము పెద్దదైతే నీళ్ళు ఎక్కువ వస్తాయని కాదు, త్వరగా వస్తాయని మాత్రమే. వంద స్పీడుతో పూర్తిగా లాగితే మా 500 జీబీ పదకొండు గంటల్లో అయిపోతుంది. నెల మొత్తంలో పదకొండు గంటలు! నేను ఇది లెక్క వేసినప్పుడు నమ్మలేక రెండోసారి వేశాను.

మరి లిమిట్ ఎందుకు పెడతారు? ఆ సహోదరి అడిగిన ప్రశ్న ఇదే. దీనికి సగం న్యాయమైన జవాబు ఉంది, సగం లేదు. న్యాయమైన సగం ఏమిటంటే, మన ఇంటికి వచ్చే తీగ మన ఒక్కరిదే కాదు. ఇప్పుడు ఊళ్ళలో వేస్తున్న ఫైబరులో ఎక్కువగా వాడే పద్ధతి ప్రకారం, దాదాపు రెండున్నర గిగాబిట్ల సామర్థ్యం గల ఒక పోగును 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో చీలుస్తారు. 64 ఇళ్ళూ ఒకేసారి వంద స్పీడు లాగితే సరిపోదు. ఎవరూ ఒకేసారి లాగరులే అన్న ధైర్యంతో ఇస్తారు. పంచుకోవడం తప్పు కాదు. 2009లోనే ట్రాయ్ అనే టెలికాం నియంత్రణ సంస్థ ఇళ్ళ కనెక్షన్లలో ఒకరి వాటాను 50 మందికి మించి పంచకూడదని చెప్పింది. అంటే పంచుతారన్నది ప్రభుత్వానికి తెలిసిన సంగతే. రాత్రి ఏడు నుండి పది వరకు అందరూ టీవీ ముందు కూర్చున్నప్పుడు శివారు భూముల రైతు పరిస్థితి వస్తుంది. ఎగువవాడు తూము పగలగొట్టుకుని మూడో పంటకు కూడా పెట్టుకుంటే దిగువవాడికి బోదె ఎండుతుంది. ఒకడు పగలూ రాత్రీ లాగకుండా హద్దు పెట్టడానికి లిమిట్ అని కంపెనీలు చెబుతాయి. ‘న్యాయమైన వాడుక’ అని దానికి పేరు కూడా పెట్టారు.

న్యాయం కాని సగం చూడండి. ఇరుకు ఉండేది రాత్రి ఏడు నుండి పది వరకు. లిమిట్ లెక్క మాత్రం ఇరవై నాలుగు గంటలూ ఒకటే. తెల్లవారుజామున మూడు గంటలకు ఊరంతా నిద్రపోతుండగా నేను ఒక వీడియో దించుకుంటే ఎవరి నీళ్ళూ తగ్గవు. అయినా అది నా లెక్కలో పడుతుంది. లస్కరు వంతులు వేసినట్టు గంటలను బట్టి లెక్క పెడితే అందులో న్యాయం కనిపించేది. బి.ఎస్.ఎన్.ఎల్. పాత ప్లానుల్లో కొన్నింటికి రాత్రి రెండు నుండి ఉదయం ఎనిమిది వరకు లెక్క ఉండేది కాదు. చాలామంది ఆ వేళకు అలారం పెట్టుకుని లేచేవారు. అంతకు ముందు, మా చిన్నతనంలో, ఎస్.టి.డి. బూతు దగ్గర రాత్రి చార్జీ తగ్గేవరకు కాచుకుని నిలబడిన వాళ్ళం మనమే. గల్ఫులో ఉన్న అన్న గొంతు వినడానికి ఆ పసుపు బోర్డు కింద దోమలతో జాగరణ చేసిన తల్లులు నాకు బాగా గుర్తు. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చినప్పుడు దాన్ని గంటల లెక్కన అమ్మారు. హద్దు లేని కాలం ఎప్పుడూ లేదు. హద్దు ఉంచి ‘హద్దు లేదు’ అని చెప్పడం మాత్రం కొత్త.

అమెరికాలో ఉంటున్న మా సంఘపు ఆడపడుచు ఒకామె సెలవులకు వచ్చినప్పుడు ఈ మాట మీద నవ్వింది. అక్కడ పెద్ద కంపెనీ అయిన కామ్‌కాస్ట్ 2008 అక్టోబరులో నెలకు 250 జీబీ అని హద్దు పెట్టింది. తరువాత చాలా ప్రాంతాల్లో దాన్ని 2016లో వెయ్యికి, 2020లో 1200 జీబీకి పెంచింది. అక్కడ దాటితే స్పీడు తగ్గదు, ప్రతి 50 జీబీకి పది డాలర్లు అదనంగా బిల్లులో పడేది. 2020 మార్చిలో కరోనా వచ్చి అందరూ ఇళ్ళలో కూర్చున్నప్పుడు ఆ కంపెనీ కొన్ని నెలలపాటు హద్దు ఎత్తివేసింది. నెట్‌వర్కు కూలిపోలేదు. ప్రజలు ఎన్నడూ వాడనంత వాడుతున్న రోజుల్లో హద్దు లేకుండా నడిచింది, మామూలు రోజుల్లో ఎందుకు అవసరం అని అక్కడివారు అడగడం మొదలు పెట్టారు. ఆ ప్రశ్న సరైనదే అని నా అభిప్రాయం.

మన దగ్గర చట్టం ఏమి చెబుతోంది? 2016 అక్టోబరులో ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ఆ సహోదరి తెలుసుకోవాలి. ఎన్ని జీబీల వరకు ఎంత స్పీడు, దాటిన తరువాత ఎంత స్పీడు అన్నది కంపెనీవారు ప్రకటనల్లోనూ తమ వెబ్‌సైటులోనూ స్పష్టంగా చెప్పాలి. సగం వాడినప్పుడు, 90 శాతానికి చేరినప్పుడు ఫోనుకు సందేశం పంపాలి. లిమిట్ దాటినా ఇంటి బ్రాడ్‌బ్యాండు స్పీడు 512 కిలోబిట్లకు తగ్గకూడదు. ఆ సంఖ్య వెనుక ఒక కథ ఉంది. 2004లో మన ప్రభుత్వం 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండు అనవచ్చునని చెప్పింది. 2013లో దాన్ని 512 చేసింది. 2023 జనవరిలో రెండు మెగాబిట్లు చేసింది. అంటే ఇరవై ఏళ్ళలో ‘కనీసం’ అన్న మాట ఎనిమిది రెట్లు పెరిగింది.

అమ్మా, ‘అన్‌లిమిటెడ్’ అన్న మాట పక్కన చిన్న చుక్క గుర్తు ఉంటుంది. దాని వివరం కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పెద్ద కంపెనీల ఇంటి ప్లానుల్లో చాలావాటికి ఆ చిన్న అక్షరాల్లో 3300 జీబీ అని ఉంటుంది. మామూలు కుటుంబానికి అది అందనంత ఎక్కువ, దాని గురించి దిగులు పడనక్కరలేదు. కాని ఊరి కేబులువారి దగ్గర తీసుకునే చిన్న ప్లానుల్లో మాకు లాగా 500 ఉండవచ్చు, ఇంకా తక్కువ కూడా ఉండవచ్చు. తీగ లాగకముందే ఆ ఒక్క సంఖ్య కాగితం మీద వ్రాయించుకోండి. ఇంకొకటి. 499 అని చెప్పి 589 తీసుకున్నారని మీరు వ్రాశారు. అది మోసం కాదు, 18 శాతం జి.ఎస్.టి. కలిపితే అంతే అవుతుంది. ముందుగా చెప్పకపోవడం మాత్రం మర్యాద కాదు.

ఫిర్యాదు చేయాలంటే మొదట కంపెనీ నంబరుకే చేయాలి. వారు ఒక డాకెట్ నంబరు ఇస్తారు. దాన్ని క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకోండి, అది లేకుండా తరువాత ఎవరూ మాట వినరు. తీరకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పిలేట్ అధికారికి వ్రాయాలి. అక్కడా కాకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. మీరు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపు గనుక అక్కడ ఫీజు ఉండదు. ఫోను కంపెనీల మీద వినియోగదారుల కోర్టుకు వెళ్ళకూడదని మీకు ఎవరైనా చెబితే వారు పాత మాట చెబుతున్నారని అర్థం. 2009లో సుప్రీంకోర్టు అలాగే తీర్పు చెప్పింది. కాని 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు, వెళ్ళవచ్చునని తేల్చింది.

ఇక పెద్దాయన ఉత్తరం. అయ్యా, రోజుకు ఒకటిన్నర జీబీలో మిగిలినది ఎక్కడికీ పోదు, లేకుండా పోతుంది. మన్నా కూడా మర్నాటికి నిలవ ఉండేది కాదు గాని, మన్నాకు ఎవరూ డబ్బు కట్టలేదు. ఆ ప్లాను 28 రోజులది. 28 రోజులకు ఒకటిన్నర చొప్పున 42 జీబీ మీరు కొన్నారు. మీరు చెప్పిన ప్రకారం పది పదకొండు వాడుతున్నారు. 28 రోజులన్న లెక్కలోనూ ఒక కిటుకు ఉంది. పన్నెండు నెలలకు పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు రీఛార్జి చేయాలి. జీతం నెలకు ఒకసారి, రీఛార్జి నాలుగు వారాలకు ఒకసారి. దీనిపై ప్రజలు మొరపెట్టుకోగా 2022 జనవరిలో ట్రాయ్, ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా అదే తారీఖుకు వచ్చే ప్లాను ఒకటి తప్పనిసరిగా పెట్టాలని ఆదేశించింది. అవి ఉన్నాయి. అడిగితేనే చెబుతారు.

మీకు నెట్టే అవసరం లేకపోతే ఇంకొక మార్గం కూడా ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన నిబంధన ప్రకారం మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికివచ్చే రీఛార్జి ప్రతి కంపెనీ పెట్టాలి. అలాంటివాటిలో ఏడాది వరకు చెల్లేవి కూడా పెట్టవచ్చునన్నారు. కాని ఒక మాట. మీ మనవరాలు హైదరాబాదు హాస్టలు నుండి ఆదివారం వీడియోలో కనబడుతుందని వ్రాశారు. ఆ ప్లాను తీసుకుంటే అది ఉండదు. డబ్బు మిగిలించుకోవడం మంచిదే గాని అన్నీ లెక్క చూసి మిగిలించుకోవలసినవి కావు. మీ ఇష్టం.

రోజు లిమిట్ దాటాక ఫోనులో స్పీడు చాలా ప్లానుల్లో 64 కిలోబిట్లకు పడిపోతుంది. అది సెకనుకు 8 కిలోబైట్లు. ఒక మెగాబైటు ఫోటో రావడానికి రెండు నిమిషాల పైన పడుతుంది. నెట్ ఆగలేదు అని వారనవచ్చు, ఉంది అని మనం అనలేము. రాత్రి తొమ్మిదికి ఆస్పత్రి నుండి ఎక్స్‌రే ఫోటో వచ్చే ఇంటివారికి ఆ రెండు నిమిషాలు ఎలా గడుస్తాయో నేను పక్కన కూర్చుని చూశాను.

ఇప్పుడు మా వరండాకు తిరిగి వస్తాను.

ఆగస్టు నెలంతా పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. ఆదివారం ఆరాధన చూపించడం కూడా ఆ నెల మానేశాము. నా ఫోను తప్ప ఇంకేదీ దానికి కలపలేదనుకున్నాను. ఇరవై ఒకటో తారీఖున ఫోను మ్రోగింది, సందేశం వచ్చింది: 90 శాతం అయిపోయింది. ఇరవై నాలుగున లిమిట్ అయిపోయింది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. వరండాలో పిల్లలు లేరు, క్రికెట్టు లేదు. అయినా 500 జీబీ పోయింది.

మరునాడు కేబులు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి అబ్బాయి కంప్యూటరులో చూసి ఆశ్చర్యపోయాడు. “అయ్యగారూ, మీకు కిందికి వచ్చింది చాలా తక్కువ. అంతా పైకే పోయింది. మీ దగ్గర్నుంచి ఎవరో బయటికి పంపుతున్నారు” అన్నాడు. పంపినా తెచ్చుకున్నా లిమిట్‌లో ఒకటే లెక్క అని కూడా అప్పుడే తెలిసింది. ఏమి పంపుతాము మేము? మందిరంలో ఏముంది పంపడానికి? ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాక మా ఇంట్లో ఆమె అన్నది: “మీరు పెట్టించిన కెమెరా రాత్రింబవళ్ళు దేని మీద నడుస్తోంది?”

మే నెల చివర ఎవరో కానుకల పెట్టె తాళం పగలగొట్టబోయారు. భయపడి, నేనే పట్టుబట్టి, ఆన్‌లైనులో ఒక కెమెరా కొనిపించాను. అది తీసిన వీడియోను తనలో దాచుకోదు, నెట్ ద్వారా కంపెనీవారి కంప్యూటరుకు పంపుతుంది. ఖాళీ మందిరాన్ని, మూసిన తలుపులను, గోడ మీద బల్లిని ఇరవై నాలుగు గంటలూ పంపుతూనే ఉంది. నేను పాస్‌వర్డు మార్చినప్పుడు దానికి కొత్త పాస్‌వర్డు ఇచ్చినవాణ్ణి కూడా నేనే. ఇచ్చి మరచిపోయాను. అది నా కళ్ళకు వస్తువుగా కనబడింది గాని వాడేదానిగా కనబడలేదు.

కాగితం తీసి లెక్క వేశాను. ఆ కెమెరా సెకనుకు రెండు మెగాబిట్లు పంపుతుందని పెట్టె మీద ఉంది. అంటే పావు మెగాబైటు. చూడటానికి ఎంత చిన్నది! రోజులో 86,400 సెకన్లు. పావుతో గుణిస్తే రోజుకు 21.6 జీబీ. నెలకు 648. మా లిమిట్ కన్నా ఎక్కువ. ఎవరూ ముట్టుకోకపోయినా ఇరవై నాలుగో తారీఖుకు మా 500 అయిపోవలసిందే, అయిపోయింది. జూన్, జూలైలలో పదహారో తారీఖుకు ఎందుకు అయిపోయిందో కూడా తేలింది. రోజుకు 31 జీబీ పోయింది, అందులో 21 పైన కెమెరాది. తొమ్మిది మంది పిల్లలూ కలిసి వాడినది పది లోపు, తలకు ఒక జీబీ.

ఆ కుర్రవాడు మంచి స్పష్టతతో వీడియో చూశాడనుకుందాం. గంటకు దాదాపు ఒకటిన్నర జీబీ అవుతుంది. రోజూ మూడు గంటలు చూసినా నెలకు 135. ఎంత చూసినా 500 తినలేడు. నాకు గుణకారాలు వచ్చు. మందలించే ముందు అయిదు నిమిషాలు కాగితం మీద కూర్చుంటే సరిపోయేది. నేను కూర్చోలేదు. తండ్రి లేని పిల్లవాడు, పాత ఫోను, చెవుల్లో తీగలు, ఇవి చాలనుకున్నాను. అదే ఒక పెద్దాయన కుమారుడై ఉంటే ముందు కేబులు ఆఫీసుకు వెళ్ళి ఉండేవాణ్ణేమో.

ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆ తల్లి అప్పటికి మూడు ఆదివారాలుగా మందిరానికి రావడం లేదు. నులక మంచం వాల్చి కూర్చోమన్నది. చెప్పవలసినదంతా చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత అన్నది: “మీరు ఇంటికొచ్చి చెప్పారు అయ్యగారూ, సంతోషం. ఆ మాట మాత్రం పదిమందిలో అన్నారు.”

పై ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ లేవనీయకుండా, కెమెరాను చూపించి, ఆ లెక్క మొత్తం బల్ల మీద పలక పెట్టి సుద్దతో వ్రాసి చెప్పాను. క్షమించమని అతణ్ణి పేరు పెట్టి అడిగాను. అతడు వెనుక బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. అతనికి అదీ ఇబ్బందిగానే ఉన్నట్టుంది.

ఇలాంటి కెమెరాలు ఇప్పుడు మన ఊళ్ళలో ఇళ్ళకూ దుకాణాలకూ చేపల చెరువులకూ పెడుతున్నారు గనుక పరిష్కారం వ్రాస్తాను. కెమెరాలో మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉంటే వీడియో అందులోనే దాచుకునేలా మార్చండి. మాది రోజంతా తీస్తే 128 జీబీ కార్డు ఆరు రోజులకు నిండుతుంది. కదలిక ఉన్నప్పుడు మాత్రమే తీసేలా పెడితే చాలా రోజులు వస్తుంది. బయటికి పంపడం ఎవరైనా అడుగు పెట్టినప్పుడు మాత్రమే అని పెట్టవచ్చు. ఫోనుల్లో కూడా ఫోటోలు, వీడియోలు తమంతట తామే పైకి పంపుకునే ఏర్పాటు ఉంటుంది. పెళ్ళి వీడియో తీసిన రాత్రి ఇంట్లో నాలుగు ఫోనులు ఒకేసారి ఆ పని చేస్తే మీ నెట్ నత్తలా నడుస్తుంది, మీరేమో కంపెనీని తిడతారు. నెలకొకసారి కంపెనీ యాప్‌లో గాని కేబులు ఆఫీసులో గాని కిందికి ఎంత, పైకి ఎంత అని విడివిడిగా అడిగి చూసుకోండి. ఇంకొకటి, నవ్వకండి. దొంగల భయానికి రౌటరును ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసిన సంఘ పెద్ద ఒకాయన నాకు తెలుసు. ఇనుములోంచి సిగ్నలు రాదు.

కెమెరా మార్పులన్నీ మాకు చేసి పెట్టింది ఆ కుర్రవాడే. నేను పిలవలేదు, తనే వచ్చాడు. నిచ్చెన ఎక్కి కార్డు పెట్టి, ఫోనులో ఏవో నొక్కి, అరగంటలో దిగాడు. టీ తాగమంటే తరువాత అన్నాడు. సెప్టెంబరు ఒకటి నుండి వరండా మళ్ళీ తెరిచాము. ఎవరు ఎంత సేపు వాడారో వ్రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం పెడదామన్నాను. ఎవరి మీదా ఊరకే నింద పడకూడదని నా ఉద్దేశం. పుస్తకం తెచ్చి, గీతలు గీసి, పేర్లు వ్రాసే పని అతనికే అప్పగించాను. నెలాఖరున తెరిచి చూశాను. 302 జీబీ అయింది, లిమిట్ దాటలేదు. పిల్లల పేర్లు తొమ్మిదీ వరుసగా ఉన్నాయి. వాటన్నిటికీ పైన, ఒకటో నంబరు దగ్గర, గుండ్రని అక్షరాలతో ‘కెమెరా’ అని వ్రాసి పెట్టాడు.